ఐల్ రాయల్ దీవిలో మూస్‌ల మీదికి తోడేళ్ళను మనుషులే తెచ్చి వదిలారట. ఇది న్యాయమేనా?

సుజాత_డులూత్:

మేం మిన్నెసోటాలో, డులూత్‌లో ఉంటాం. మా వీధి చివర నిలబడితే లేక్ సుపీరియర్ కనబడుతుంది. వచ్చే జూన్‌లో పిల్లల సెలవులకి ఆ సరస్సులోనే ఉన్న ఐల్ రాయల్ దీవికి వెళ్దామని అనుకుంటున్నాం. ముఖ్యంగా మూస్‌ల కోసమే, అంటే ఇక్కడి అడవుల్లో ఉండే భారీ జింకలు.

దీని వెనక చిన్న కథ ఉంది. రెండేళ్ళ కిందట గన్‌ఫ్లింట్ ట్రైల్ మీద కారులో వెళ్తుంటే రోడ్డు పక్కన మడుగులో ఒక ఆడ మూస్, దాని వెనకాలే ఇటుక రంగు దూడ కనబడ్డాయి. తల్లి నీళ్ళలో తల పూర్తిగా ముంచి నాచు లాక్కుని పైకెత్తుతోంది, నోటినుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. దూడ కాళ్ళు ఎంత పొడుగంటే, వాటితో ఏం చెయ్యాలో దానికింకా తెలిసినట్టు లేదు. మా అబ్బాయికి అప్పుడు ఏడేళ్ళు. పావుగంటసేపు ఊపిరి బిగబట్టి చూశాడు. అప్పటినుంచీ మూస్ అంటే వాడికి ప్రాణం.

ఇప్పుడు ప్రయాణం కోసం ఐల్ రాయల్ గురించి చదువుతుంటే, 2018, 2019 సంవత్సరాల్లో నేషనల్ పార్క్ వాళ్ళు 19 తోడేళ్ళను పట్టి, విమానాల్లో, హెలికాప్టర్లలో తెచ్చి దీవిలో వదిలారని తెలిసింది. 2019లో 2,060 ఉన్న మూస్‌లు 2024 లెక్కకి 840కి వచ్చాయట. పక్కనుంచి చదివిన మావాడు ఒకటే అడిగాడు: "అమ్మా, ఆ దూడని తినమని తోడేళ్ళని విమానంలో తెచ్చారా?" నా దగ్గర జవాబు లేదు.

నిజంగా తోడేళ్ళు అంత అవసరమా? ఆ దీవిలో వేట లేదు, రోడ్లు లేవు, కార్లు లేవు. వాటి మానాన వాటిని వదిలేస్తే సుఖంగా బతకవా? తెలిసినవాళ్ళు చెప్పండి. తొమ్మిదేళ్ళ పిల్లాడికి అబద్ధం చెప్పకుండా ఏం చెప్పగలనో అది కావాలి.


కిరణ్_ఫెయిర్‌బాంక్స్:

సుజాత గారూ, నేను అలాస్కా సంగతి చెప్తాను. ఇక్కడ మూస్ దూడలకి తోడేలు కంటే ముందు వచ్చే గండం ఎలుగుబంటి. మే చివర్లో, జూన్ మొదట్లో దూడలు పుడతాయి. ఆ మొదటి కొన్ని వారాల్లోనే నల్ల ఎలుగులు, గ్రిజ్లీలు చాలా దూడల్ని తినేస్తాయి. వేసవి గడిపిన దూడకి ఎలుగు భయం బాగా తగ్గుతుంది. తర్వాత తోడేళ్ళ వంతు, అదీ మంచు లోతుగా పడ్డ చలికాలం చివర్లో.

ఎదిగిన మూస్ జోలికి రావడం ఎవరికీ తేలిక కాదు. ఇక్కడి మగవి 600 కిలోలు దాటుతాయి. ఆడది దూడని వెనక్కి నెట్టి ముందు కాళ్ళతో తన్నిందంటే తోడేలు పక్కటెముకలు విరుగుతాయి. మా ఇంటి వెనక ఒక తల్లి రెండు దూడలతో మూడు రోజులు మకాం వేస్తే మేం వెనక తలుపు తియ్యలేదు.

ఐల్ రాయల్‌లో ఎలుగులు లేవు. అక్కడ మూస్‌ని తినేది తోడేలు ఒక్కటే. అందుకే ఆ దీవి గురించి అంత చర్చ.


కళ్యాణదుర్గం_మంద:

సుజాతక్కా, మీ అబ్బాయి అడిగినదే నేనూ అడిగాను, ఇరవై ఆరేళ్ళ వయసులో. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. ఈ విషయం నాకు చాలా దగ్గరిది.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం పక్కన పల్లె. మా నాయనకు నూట ఇరవై గొర్రెలుండేవి. ఎండాకాలం రైతుల చేలల్లో ఎరువు కోసం మంద కట్టేవాళ్ళు. నాకు పదేళ్ళప్పుడు అలాంటి ఒక రాత్రి తోడేళ్ళు వచ్చి నాలుగు పిల్లల్ని ఎత్తుకుపోయాయి. తెల్లారి చూస్తే తల్లి గొర్రెలు అరుచుకుంటూ తిరుగుతున్నాయి, మా నాయన కంబళి కప్పుకుని గట్టు మీద మాట్లాడకుండా కూచున్నాడు. తోడేలు అన్న మాట వింటే నాకు ఆ గట్టే కనబడేది. దాని పక్షాన ఒక్క మాట మాట్లాడే రోజొస్తుందని అనుకోలేదు.

మాస్టర్స్‌కి హోటన్‌లోని మిషిగన్ టెక్‌కి వచ్చాను. ఐల్ రాయల్ తోడేళ్ళు, మూస్‌ల అధ్యయనం నడిపేది ఈ యూనివర్సిటీయే. 1958లో పర్డ్యూ యూనివర్సిటీ ప్రొఫెసర్ డర్వర్డ్ అలెన్ మొదలుపెట్టారు, తర్వాత రోల్ఫ్ పీటర్సన్ దశాబ్దాల పాటు నడిపారు. వేటాడే జంతువునూ దాని ఆహారాన్నీ కలిపి ఒకేచోట ఇన్నేళ్ళు ఎడతెగకుండా గమనించిన పని ప్రపంచంలో మరోటి లేదు. ఏటా చలికాలంలో చిన్న విమానాల్లో తిరిగి లెక్కపెడతారు, వేసవిలో వాలంటీర్లను తీసుకెళ్ళి చచ్చిన మూస్‌ల ఎముకలు ఏరిస్తారు. నేను చదివేది మెకానికల్, నాకూ అడవికీ సంబంధం లేదు. నోటీసు బోర్డు మీద కాగితం చూసి, ఆ ఏడు ఊరికి వెళ్ళడానికి డబ్బుల్లేక, వారం రోజులు అలాగైనా గడుస్తుందని పేరిచ్చాను.

హోటన్ నుంచి రేంజర్ 3 అనే ఓడలో ఆరు గంటలు ప్రయాణం. దిగాక బాటలు వదిలేసి అడవిలో పడి నడక. పడిపోయిన చెట్లు, బురద, కళ్ళలోకీ చెవుల్లోకీ దూరే దోమలు. ఆరుగురం వరసగా, ఒకరికొకరం కనబడేంత దూరంలో నడిచేవాళ్ళం. మూడో రోజు ఒక దేవదారు చెట్టు కింద నాచు పట్టిన పుర్రె కనబడింది. చుట్టూ వెదికితే వెన్నుపూసలు, తొడ ఎముకలు, చివరికి దవడ దొరికాయి. ఆడ మూస్ అది. మా బృందానికి పెద్దగా ఉన్నాయన తుంటి ఎముక నా చేతికిచ్చి, వేలితో తడిమి చూడమన్నాడు. కీలు గిన్నె అంచంతా బుడిపెలు, లోపల నున్నగా అరిగిపోయి గాజులా మెరుస్తోంది. కీళ్ళవాతం. ఎముక ఎముకా ఒరుసుకుంటుంటే ఆ జంతువు ఎన్ని చలికాలాలు కుంటుతూ నడిచిందో.

తర్వాత దవడ చేతికిచ్చాడు. అక్కా, అక్కడ నాకు మా నాయన కనబడ్డాడు. సంతలో గొర్రె దవడ పట్టి పెదవి తెరిచి, "రెండు పళ్ళది", "నాలుగు పళ్ళది", "దీనికి నోరు అయిపోయింది, వద్దు" అని ఒక్క చూపులో తేల్చేవాడు. ఈ దవడలో దంతాలు చిగురు దాకా అరిగి ఉన్నాయి. నా నోట తెలుగులోనే వచ్చింది, నోరు అయిపోయింది అని. ల్యాబులో పంటిని పలచగా కోసి, చెట్టు మానులో వలయాల్లాగా ఏడాదికో గీత చొప్పున లెక్కపెట్టి వయసు చెప్తారట. మాకు మాత్రం చేతిలో పట్టుకుంటేనే తెలిసిపోయింది, ముసలిదని.

ఆ దీవిలో వేల మూస్‌ల ఎముకలు అలా ఏరి దాచారు. వాటిలో తోడేళ్ళు చంపినవి చూస్తే ఎక్కువగా రెండే రకాలు: ఏడాది నిండని దూడలు, ముసలివి లేదా రోగంతో, కీళ్ళవాతంతో ఉన్నవి. నడివయసులో, బలంగా ఉన్నది తోడేలుకి దొరకడం అరుదు. 1960ల మొదట్లో డేవిడ్ మీచ్ అనే విద్యార్థి విమానం నుంచి చూస్తూ లెక్క రాశాడు. తోడేళ్ళు దగ్గరిదాకా వెళ్ళి పరీక్షించిన మూస్‌లు 77, చంపగలిగినవి 6. మూస్ పారిపోకుండా ఎదురు నిలబడితే తోడేళ్ళు కాసేపు చుట్టూ తిరిగి, వదిలేసి వెళ్ళిపోతాయి. మా గొర్రెలు అలా నిలబడలేవు, పాపం. వాటిలోంచి ఆ ధైర్యాన్ని మనమే తీసేశాం.

ఇక మీరడిగిన అసలు ప్రశ్న, వదిలేస్తే సుఖంగా బతకవా అని. వదిలేసిన కాలం ఒకటి కాదు, చాలా ఉంది. మూస్‌లు 1900ల మొదట్లో ఆ దీవికి చేరాయి, ఈదుకుంటూ వచ్చాయంటారు. తోడేళ్ళు వచ్చింది 1940ల చివర్లో, గడ్డకట్టిన సరస్సు మీద నడిచి. మధ్యలో నలభై ఏళ్ళు తినేవాడు లేడు. 1929, 1930లలో ఆడాల్ఫ్ మ్యూరీ అనే శాస్త్రవేత్త వెళ్ళి చూసి, మేత అయిపోతోంది, ఇవి ఆకలితో చస్తాయి అని హెచ్చరించాడు. నాలుగైదేళ్ళలో అలాగే చచ్చాయి. 1936లో పెద్ద కార్చిచ్చు పట్టి దీవిలో పెద్ద భాగం కాలిపోయింది. కాలిన చోట లేత చెట్లు మొలిచాకే మళ్ళీ పుంజుకున్నాయి.

అది పాత కథ అనుకుంటే, ఇంకోటి మన కాలంలోనే జరిగింది. 1980లో తోడేళ్ళు 50 ఉండేవి. 1982కి 14 మిగిలాయి. కారణం పార్వో, మన ఊళ్ళో కుక్కపిల్లలు రక్తవిరేచనాలతో పోతాయే, అదే జబ్బు. ఆ దీవిలోకి కుక్కల్ని తేకూడదు, అయినా ఎవరో తెచ్చారు. తోడేళ్ళు తగ్గాక మూస్‌లు పెరిగి పెరిగి 1995కి 2,400 అయ్యాయి. ఆ తర్వాతి చలికాలం విపరీతమైన మంచు. మేత లేదు, పైగా పిడుదులు. రెండేళ్ళలో 2,400 కాస్తా 500 అయ్యాయి. ఆ పంతొమ్మిది వందల్ని తోడేళ్ళు తినలేదు. అప్పుడు దీవి మొత్తం మీద ఉన్న తోడేళ్ళు పాతిక లోపే.

పిడుదుల గురించి కొంచెం చెప్పాలి, మీ అబ్బాయికి చెప్పకపోయినా మీరు తెలుసుకోవాలి. మా నాయన సాయంత్రాలు గొర్రెల చెవుల వెనక, తొడల సందుల్లో వెదికి పిడుదుల్ని పీకి నిప్పుల మీద వేసేవాడు. ఒక గొర్రెకి ఇరవై ఉంటేనే అది మేత సరిగ్గా మెయ్యదు. ఒక్క మూస్‌కి చలికాలంలో పదివేలు, ఇరవైవేలు, ఇంకా ఎక్కువ కూడా పడతాయి. ఒళ్ళంతా దురద. చెట్లకి రాసుకుని రాసుకుని బొచ్చు ఊడిపోతుంది, మార్చి నెల చలిలో తెల్లటి తోలుతో తిరుగుతాయి. వాటిని ఇక్కడివాళ్ళు దెయ్యం మూస్‌లు అంటారు. రక్తం పోయి, ఒళ్ళు చల్లబడి, కడుపులో పీచు తప్ప ఏమీ లేక నెలల పాటు చస్తాయి. తోడేలు నోట చావు ఒక పూట పని. మా మందలో రెండు రకాల చావులూ చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, నాకు ఆ నెలల తరబడి చావే ఎక్కువ భయం.

ఇంకొక మాట, దీని గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. ఎముకలు ఏరిన వాళ్ళు కనిపెట్టిందేమిటంటే, తల్లి కడుపులో ఉన్నప్పుడూ చిన్నప్పుడూ సరిగ్గా తిండి లేని మూస్‌లకే ముసలితనంలో కీళ్ళవాతం ఎక్కువ. అంటే ఆ రోజు నా చేతిలో ఉన్న తుంటి ఎముకలో ఉన్నది తోడేలు చేసిన నష్టం కాదు. మూస్‌లు కిక్కిరిసిన ఏడాదిలో దాని తల్లి పడ్డ ఆకలి అది.

మీ అబ్బాయికి నేనైతే ఇలా చెప్తా: అవును, తెచ్చారు. అవి కొన్ని దూడల్ని తింటాయి, అది నిజం. తేకపోతే ఇంకా చాలా దూడలు ఆకలికి పోతాయి, అదీ నిజం.


వరంగల్_శ్రీను:

తమ్ముడు బాగా రాశాడు, కానీ నాకో అభ్యంతరం ఉంది. ఆ దీవి దాదాపు మొత్తం 1976 నుంచి చట్టప్రకారం వైల్డర్‌నెస్, అంటే మనిషి చెయ్యి పెట్టకూడని చోటు. తోడేళ్ళు వాటంతట అవి వచ్చాయి, వాటంతట అవి పోతున్నాయి. పోనివ్వాలి. మూస్‌లు పెరుగుతాయి, తగ్గుతాయి, అదే ప్రకృతి. మనం లెక్కలు చూసి, సంఖ్య నచ్చలేదని జంతువుల్ని విమానంలో ఎక్కించడం మొదలుపెడితే అది అడవి కాదు, మన పెరడు అవుతుంది. 2018లో మొదట తెచ్చిన నాలుగింట్లో ఒకటి నెలల్లోనే చచ్చిపోయింది. ఇంకొకటి 2019 జనవరిలో సరస్సు గడ్డకట్టగానే మంచు మీద నడుచుకుంటూ తిరిగి ఒడ్డుకి వెళ్ళిపోయింది. ఆ తోడేలుని ఎవరూ అడగలేదు కదా, నీకిక్కడ ఇష్టమేనా అని.


కళ్యాణదుర్గం_మంద:

శ్రీనన్నా, ఆ వెళ్ళిపోయిన తోడేలు గురించి మీరన్నది నన్ను గుచ్చుకుంది. దానికి నా దగ్గర సమాధానం లేదు. పుట్టిన చోటు వదలడం నాకు తెలుసు.

అయితే వాటంతట అవి పోతున్నాయి అన్న దగ్గర మాత్రం ఒప్పుకోలేను. పార్వో తెచ్చింది మనిషి కుక్క. 2012లో మూడు తోడేళ్ళ శవాలు నీళ్ళు నిండిన ఒక గోతిలో తేలాయి. అది 1800లలో రాగి కోసం తవ్వి వదిలేసిన గని. ఏడాది ముందు లెక్కకి దీవిలో ఉన్నవే 16 తోడేళ్ళు, వాటిలో మూడు పోవడమంటే ఎంతో ఆలోచించండి.

అన్నిటికంటే పెద్దది మంచు. దీవి ఒడ్డునుంచి పాతిక కిలోమీటర్లలోపే ఉంటుంది. 1960లలో సరస్సు గడ్డకట్టి దారి ఏర్పడని చలికాలం తక్కువ. ఇప్పుడు ఏర్పడిన చలికాలమే తక్కువ. మంచు దారి ఉంటే అప్పుడప్పుడూ కొత్త తోడేలు వచ్చేది, కొత్త రక్తం కలిసేది. 1997లో అలా ఒకే ఒక్క మగ తోడేలు నడిచి వచ్చింది. ముసలయ్యాక దాని ఒళ్ళు తెల్లబడితే ఓల్డ్ గ్రే గై అని పిలుచుకున్నారు. కుంటుపడుతున్న గుంపులు అది వచ్చాక కొన్నేళ్ళు నిలదొక్కుకున్నాయి. మా దగ్గర మందలో పొట్టేలుని రెండేళ్ళకోసారి మారుస్తారు, అదే పొట్టేలుని ఉంచితే పిల్లలు బక్కగా పుడతాయని. చదువుకోని మా నాయనకి తెలిసిన సంగతే అది. మళ్ళీ ఇంకో పొట్టేలు రాలేదు ఆ దీవికి. కొన్నేళ్ళకి దీవిలో ప్రతి తోడేలూ దాని సంతతే అయింది. వెన్నుపూసలు వంకరగా పుట్టడం ముందునుంచే ఉంది, అది ఆగలేదు. 2016కి రెండు మిగిలాయి, తండ్రీ కూతురూ. ఒకే తల్లికి పుట్టినవి కాబట్టి అన్నాచెల్లెళ్ళు కూడా. వాటికి పుట్టిన ఒక పిల్ల వంగిన నడుముతో, పొట్టి తోకతో కొన్నాళ్ళు తిరిగి కనబడకుండా పోయింది.

మంచు కరగడంలో మన చెయ్యి ఉంది కదన్నా. దారి మనం మూసి, మనకేం పట్టదు అనడం నాకు న్యాయంగా తోచదు.

ఈ లెక్కలన్నీ చూశాక నాకొకటి అర్థమైంది. పుస్తకాల్లో రాసినట్టు తోడేళ్ళూ మూస్‌లూ త్రాసులో రెండు పళ్ళాల్లాగా ఒక దగ్గర ఆగవు. అరవై ఏళ్ళకు పైగా చూసినా ఏ ఐదేళ్ళూ ముందు ఐదేళ్ళలా లేవు. ఒకసారి జబ్బు, ఒకసారి మంచు, ఒకసారి పిడుదులు, ఒకసారి ఎక్కడినుంచో నడిచొచ్చిన ఒక తోడేలు. 2024 లెక్కలో 30 తోడేళ్ళు, 840 మూస్‌లు అంటే అది సరైన సంఖ్య అని నేననను. బాల్సమ్ ఫర్ మొక్కలు నా నడుము దాటి పెరుగుతున్నాయా లేదా అన్నదే నేను చూసే గుర్తు. చలికాలం మూస్‌లకి ఆ చెట్టే అన్నం. నేను నడిచినప్పుడు దీవి పడమటి వైపు ఫర్ చెట్లన్నీ మోకాలెత్తున కత్తిరించినట్టు ఉన్నాయి. వాటికి ముప్ఫై ఏళ్ళ వయసు ఉండొచ్చని మాతో వచ్చినాయన చెప్తే నమ్మలేకపోయాను.


సెయింట్‌జాన్స్_రమ్య:

తోడేళ్ళు లేకపోతే ఏమవుతుందో చూడాలంటే కెనడాలోని మా న్యూఫౌండ్‌లాండ్ దీవికి రండి. ఇక్కడ మూస్‌లు పుట్టుకతో లేవు. 1904లో నాలుగింటిని తెచ్చి హౌలీ దగ్గర వదిలారు, అంతకుముందు 1878లో ఓ జంటని. ఇక్కడి తోడేళ్ళు 1930 ప్రాంతానికి అంతరించాయి. ఇప్పుడు దీవిలో లక్షకు పైగా మూస్‌లు. ఎలుగులు, తోడేలు కంటే చిన్నవైన కొయోటీలు కొన్ని దూడల్ని తింటాయి కానీ సరిపోదు. గ్రోస్ మోర్న్ నేషనల్ పార్క్‌లో కొన్నిచోట్ల కంచె వేసి చూపిస్తారు. కంచె లోపల ఫర్ చెట్లు దట్టంగా, బయట గడ్డి. చివరికి 2011 నుంచి పార్క్‌లోనే వేటకి అనుమతిచ్చారు. ఇక్కడ తోడేలు చెయ్యాల్సిన పని తుపాకీ చేస్తోంది, కొంత కార్లు చేస్తున్నాయి.

కార్ల సంగతి నాకు తెలుసు. నేను చదువుకోవడానికి వచ్చిన మొదటి ఏడు నా రూమ్మేట్ రాత్రిపూట హైవే మీద మూస్‌ని గుద్దింది. దాని కాళ్ళు పొడుగు, కారు ముందు భాగం కాళ్ళకే తగులుతుంది, ఒళ్ళంతా అద్దం మీద పడుతుంది. నా రూమ్మేట్ బతికింది, నాలుగు నెలలు మంచం మీద ఉంది. మూస్ అక్కడికక్కడే పోలేదు. పోలీసులు వచ్చేదాకా అది చేసిన శబ్దం గురించి తను ఇప్పటికీ మాట్లాడదు.

సుజాత గారూ, మీరు డులూత్ నుంచి వెళ్ళేటప్పుడు చీకటి పడ్డాక డ్రైవింగ్ పెట్టుకోకండి.


సుజాత_డులూత్:

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. తమ్ముడూ, నువ్వు రాసింది రాత్రి మావాడికి చదివి వినిపించాను. పిడుదుల పేరా వదిలేద్దామనుకున్నాను, తర్వాత అదీ చదివాను. ఏడవలేదు. కాసేపు ఆగి, "మరి పళ్ళు అరిగిపోతే దానికి వేరే ఎవరైనా తినిపించరా?" అన్నాడు. లేదు అన్నాను. "మరి అమ్మమ్మకి నువ్వు మెత్తగా చేసి పెడతావు కదా" అన్నాడు. పడుకునే ముందు మళ్ళీ లేచి వచ్చి, ఆ దవడని వాడు కూడా చూడొచ్చా అని అడిగాడు.

ఇప్పుడు నాకు ప్రయాణం మీద ఇష్టం ఇంకా పెరిగింది. మేం చూడాల్సినవి ఏమిటో, ఎక్కడ దిగాలో చెప్పగలవా? ఒక వివరం, మాకు ఒక కుక్క ఉంది.


కళ్యాణదుర్గం_మంద:

కుక్కని మాత్రం ఎవరింట్లోనైనా వదిలి వెళ్ళండక్కా. పడవలోనే ఉంచుతామన్నా ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు.

మీకు దగ్గరిది గ్రాండ్ పోర్టేజ్ రేవు, డులూత్ నుంచి కారులో రెండున్నర గంటలు. అక్కడినుంచి పడవ పడమటి చివర విండిగో దగ్గర దింపుతుంది. అటువైపే దిగండి. దిగగానే వాషింగ్టన్ క్రీక్ అని చిన్న వాగు ఉంటుంది. పొద్దున్నే, లేదా సాయంత్రం వెలుతురు తగ్గేటప్పుడు అక్కడ కూచుంటే నీళ్ళలోకి మూస్‌లు వచ్చే అవకాశం బాగా ఉంది. జూన్ కాబట్టి దూడలు వారాల వయసువి ఉంటాయి. దూడ కనబడితే తల్లి ఎక్కడుందో ముందు వెదకండి, రెండింటి మధ్యకి పోవద్దు. తల్లి చెవులు వెనక్కి వాల్చి, మెడ మీద వెంట్రుకలు లేపితే వెంటనే లావాటి చెట్టు చాటుకి వెళ్ళండి.

తోడేలుని చూస్తారని ఆశ పెట్టుకోవద్దు, వారమంతా తిరిగినా నేను చూడలేదు. ఒకసారి బురదలో అడుగు చూశాను, నా అరచెయ్యి అంత ఉంది. నాలుగో రాత్రి గుడారంలో పడుకున్నప్పుడు దూరంగా ఒకటి ఊళ వేసింది. నిద్రలోంచి లేచి, ఒక్క క్షణం గొర్రెల కోసం వెదుక్కున్నాను. తర్వాత ఎక్కడున్నానో గుర్తొచ్చి, గుడారం జిప్పు తీసి తెల్లారేదాకా వింటూ కూచున్నాను. హోటన్ తిరిగొచ్చాక మా నాయనకి ఫోన్ చేసి చెప్తే, "మన దగ్గర ఇప్పుడు ఆ అరుపే లేదు రా, రెండేళ్ళయింది విని" అన్నాడు. సంతోషంగా అన్నాడో బెంగగా అన్నాడో నాకు తెలియలేదు.

దవడ సంగతి. దీవిలో నడుస్తుంటే ఎముకలు, రాలిన కొమ్ములు కనబడొచ్చు. తీసుకురాకూడదు, అది నిబంధన. కానీ వంగి చూడొచ్చు. దవడ కనబడితే మీ అబ్బాయిని పక్కన కూచోబెట్టి వెనక దంతాలు చూడమనండి. అంచులు ఎత్తుగా, వాడిగా ఉంటే వయసులో ఉన్నది. పళ్ళెంలా చదునుగా ఉంటే ముసలిది. పెన్సిల్, కాగితం తీసుకెళ్ళండి, వాడు బొమ్మ గీస్తే ఇక్కడ పెట్టండి. మా నాయనకి ఫోన్‌లో చూపించి వయసు ఎంతంటాడో అడిగి రాస్తాను.